కుడివైపు పద్దెనిమిది చుట్లు

నా ఎడమ చెవి ఇప్పుడు వినపడదు. అది పూర్తిగా పోయిందని ఖాయమైన రోజున మా ఆవిడ పాయసం వండింది. చెవి పోతే పాయసమేమిటని అడిగేవారి కోసం ఇది రాస్తున్నాను. ఇంకొకరి కోసం కూడా. పొద్దున కళ్ళు తెరవగానే ఇంటి దూలం కదలడం చూసి, ఈ మాట ఎవరితో అంటే ఏమనుకుంటారోనని మళ్ళీ దుప్పటి కప్పుకున్నవాళ్ళు ఎక్కడో ఒకరిద్దరు ఉండే ఉంటారు. దుప్పటి కింద నేను గడిపినంత కాలం వాళ్ళు గడపకూడదని నా ఆశ.

నేను దర్జీని. మడకశిర బస్సు దారిలో ఉన్న ఒక ఊళ్ళో ఒక మిషను, ఒక కత్తెర, ఒక అరుగు నా ఆస్తి. పగలు కుట్టుపని, సాయంత్రం తాలీం. తాలీం అంటే మా వైపు సాము నేర్పే చోటు. నాలుగు మట్టిగోడలు, పైన రేకులు, నడుమ తవ్వి మెత్తజేసిన ఎర్రమట్టి. నేర్పే ఆయన పీరాసాబ్. పగలు జట్కా తోలేవాడు, సాయంత్రం మమ్మల్ని తోలేవాడు. మేమంతా ఉస్తాద్ అని పిలిచేవాళ్ళం.

కుస్తీ, కర్రసాము అందరికీ నేర్పాడు. గిరికీ తన్ను మాత్రం ఎందుకో నాకొక్కడికే అబ్బింది. నా రోగం సంగతి అర్థం కావాలంటే ముందు ఆ తన్ను సంగతి చెప్పాలి.

చూసేవాళ్ళకు అది గాలిలో జరిగినట్టు ఉంటుంది కానీ, పనంతా నేల మీదే. కుడికాలి మునివేళ్ళ మీద బరువు పెట్టి మోకాలు వంచాలి. తల ముందు ఎడమ భుజం మీదుగా వెనక్కి తిరగాలి. చూపు వెళ్ళి తన్నాల్సిన చోట కూర్చోవాలి. తల వెనక భుజాలు, భుజాల వెనక నడుము వస్తాయి. అప్పుడు ఎడమ మోకాలు పైకెత్తాలి. ఎదుటివాడు ఆ మోకాలినే చూస్తాడు, తన్ను దాంతోనే వస్తుందనుకుంటాడు. అది అబద్ధపు మోకాలు. ఒళ్ళు పైకి లేచాక, నేలను తన్ని లేచిన ఆ కుడికాలే గాలిలో చుట్టుకొని వచ్చి తగులుతుంది. దిగేది ఎడమకాలి మీద. దిగాక కదలకుండా నిలబడాలి. చాలామందికి ఎగరడం వస్తుంది, నిలబడటం రాదు. నాకు నిలబడటానికి నాలుగేళ్ళు పట్టింది.

"ఇది పోట్లాటలో ఒక్కసారికే రా రంగా," అనేవాడు ఉస్తాద్. "వాడు నీ కాళ్ళమీదికి కర్ర ఇసిరితే ఆ కర్రమీంద నుంచి ఎగురు. ఇసిరినోని చెయ్యి తిరిగొచ్చే లోపల భుజం మీంద తన్ను. కర్ర కింద పడ్తాది. అంతే. వాడు నింపాదిగా నిలబడి నిన్ను చూస్తాంటే మాత్రం చెయ్యొద్దు. నువ్వు తిరిగేటప్పుడు నీ ఈపు వానికి చూపిస్తాండావ్, మతికి పెట్టుకో."

నాకు ఎవరితోనూ పోట్లాట రాలేదు. అందుకని పీర్ల పండగ ఊరేగింపులో కర్ర చివర గుచ్చిన నిమ్మకాయతో పోట్లాడేవాణ్ణి. తల ఎత్తున పట్టుకున్న కర్ర మీది కాయను గిరికీ తన్నుతో లేపితే జనం హోయ్ మనేవాళ్ళు. పన్నెండో ఏట మొదలుపెట్టి పద్దెనిమిదేళ్ళు ఎడమకే తిరిగాను. రంగప్ప తన్నుకు తిరుగులేదనేవాళ్ళు ఊళ్ళో. ఆ మాట దేవుడు ఎక్కడో కూర్చుని విని ఉంటాడు.

యాభై ఎనిమిది ఎండాకాలం. పండగ ఇంకా రెండు నెలలుందనగా ఒక సాయంత్రం తల తిప్పి నిమ్మకాయ వైపు చూశాను. చూపు వెళ్ళిన చోట కాయ లేదు. పక్కకు జరిగింది, ఇంకా జరిగింది, గోడా రేకులూ దాని వెంటే బయల్దేరాయి. నేను మట్టిలో బోర్లా పడ్డాను. ఎడమ చెవిలో శెనక్కాయల మిల్లు ఆడుతున్న మోత. పడ్డాక కూడా పడుతూనే ఉన్నాను. అది ఎలా ఉంటుందో చెప్పడం కష్టం. నేలను రెండు చేతులా పట్టుకున్నా నేల మీద నమ్మకం కుదరదు.

అరగంటకు తగ్గింది. మళ్ళీ మూడో రోజు వచ్చింది, ఈసారి అరుగు మీద. మిషను చక్రం తిరుగుతుంటే దాంతో పాటు వీధి కూడా తిరిగింది. ఎవరి రవికెకో మూడో చెయ్యి కుట్టబోయి ఆగాను.

ఉస్తాద్‌కు చెప్పాను. ఆయన నన్ను మట్టిలో కూర్చోబెట్టి, గడ్డం పట్టుకుని తల అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎన్నేండ్లాయ రా తిరగబట్టి?"

"పద్దెనిమిది, ఉస్తాద్."

"ఒకేపక్కకి?"

"ఎడమకే గదా."

"ఇంకేమప్పా. పురి ఎక్కింది."

మా ఊళ్ళో సగం మంది గొర్రె బొచ్చుతో నూలు వడికేవాళ్ళు, కంబళ్ళు నేసేవాళ్ళు. తాడుకు పురి ఎక్కువైతే మెలికలు పడుతుందని, దాన్ని వెనక్కి తిప్పితే సాఫవుతుందని మా దగ్గర పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. దారంతో బతికేవాణ్ణి, నాకు అందరికంటే ఎక్కువ తెలుసు. కాబట్టి ఉస్తాద్ మాట నాకు వేదంలా తోచింది. ఏడాదికి ఒక చుట్టు చొప్పున రోజూ పొద్దున్నే కుడివైపు పద్దెనిమిది చుట్లు తిరగాలి. తిరిగాక చెంబుడు మజ్జిగ. ఇదీ వైద్యం.

నంజుండ నా భుజాలు పట్టుకుని తిప్పేవాడు. వాడు తాలీంలో నా తర్వాతివాడు, గిరికీ తన్ను కోసం ఎనిమిదేళ్ళుగా తపస్సు చేస్తున్నవాడు.

"రంగన్నా, పురి ఇప్పేటప్పుడు నీ తన్ను గూడా ఊడి కింద పడితే నేను ఏరుకుంటా," అనేవాడు నవ్వుతూ. నేనూ నవ్వేవాణ్ణి. తర్వాత గోడ పక్కకు పోయి కక్కుకునేవాణ్ణి.

రెండో వారం దాటాక విచిత్రంగా తల తిరగడం ఆగింది. పది రోజులు, పదిహేను రోజులు, ఏమీ లేదు. ఉస్తాద్ సంతోషం చూడాలి. జట్కా ఎక్కిన ప్రతివాడికీ చెప్పాడు. పక్క ఊరి నుంచి తలనొప్పివాడొకడు తనను కూడా తిప్పమని వచ్చాడు. తాలీంలో పదిమంది ముందు నన్ను నిలబెట్టి, "చెప్పరా, పోయిందా లేదా?" అన్నాడు. "పోయింది ఉస్తాద్," అన్నాను. అప్పటికి అది నిజమే.

నెల తిరక్కుండా మళ్ళీ వచ్చింది.

ఈసారి నేను ఎవరికీ చెప్పలేదు. నా మొత్తం కథలో నేను చేసిన తప్పు ఇదొక్కటే, పెద్దది. ఆ ముసలాయన వైద్యం చెడిపోయిందని ఆయన మొహం మీద చెప్పడానికి నాకు నోరు రాలేదు. తాలీంకు పోయి కర్రసాము మాత్రం చేసి, మోకాలు నొప్పని తన్ను దాటవేసేవాణ్ణి, ఆ ఏటి పండగలో కూడా. మా ఆవిడ తిమ్మక్కకు మాత్రం తెలుసు. ఆమె తమ్ముడు హిందూపురంలో ఒక వైద్యుణ్ణి అడిగి ద్రాక్షారిష్టం సీసా తెచ్చాడు. పూటకు రెండు చెంచాలు. తియ్యగా, కొంచెం ఘాటుగా, వాసనగా ఉండేది. ఆ వాసన ఏమిటో తెలిసినవాళ్ళకు తెలుస్తుంది. మద్యనిషేధం రోజుల్లో ఆ సీసాలు రోగుల కంటే ఆరోగ్యవంతులే ఎక్కువ కొనేవాళ్ళట. నాకు ఆ సంగతి తర్వాత తెలిసింది.

ఆ కార్తీకంలో ఒక సంతరోజు. పొద్దున రెండు చెంచాలు తాగి, గుడ్డకోసం సంతకు పోయాను. ఉల్లిగడ్డల కుప్పల మధ్య నడుస్తుంటే చెవిలో మిల్లు మొదలైంది. రెండడుగులు ఎడమకు, మూడడుగులు కుడికి వేసి ఒక కుప్ప మీద పడ్డాను. ఉల్లిగడ్డలు నాతో పాటు దొర్లాయి. పొట్టలోది అక్కడే బయటికి వచ్చింది.

"ఏమప్పా, పొద్దు పొడవకముందే ఎక్కించినావే!" అంది ఉల్లిగడ్డలామె.

"యాడ దొరికిందో మాకూ చెప్పన్నా," అన్నాడు వెనకనుంచి ఇంకొకడు. అందరూ నవ్వారు.

సంత కాపలాకొచ్చిన కానిస్టేబులు నా చంకల కింద చేతులు పెట్టి లేపబోయాడు. లేపినకొద్దీ నేను జారుతున్నాను. "ఎవురు పోసినారు నీకు? పేరు చెప్పు, ఇడిసిపెడతా," అంటున్నాడు. చెప్పడానికి పేరు లేదు, ఉన్నా నోరు తిరగదు.

అప్పుడు ఉస్తాద్ జట్కా దిగి జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. "జరగండి, జరగండప్పా. వీడు నా పిల్లోడు. వీడు ముట్టడు." నా పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, తల ఎత్తడానికి మొహం దగ్గరికి వంగాడు. వంగినవాడు అక్కడే ఆగిపోయాడు.

"రంగా, ఇదేం వాసన రా?"

"మందు, ఉస్తాద్."

"మందే! కాదని ఎవురన్నారు?" అంది ఉల్లిగడ్డలామె. మళ్ళీ నవ్వులు.

"దేనికి రా మందు?"

"తల తిరుగుడుకు."

"తల తిరుగుడు నేను పోగొట్టినా గదరా. పదిమంది ముందర పోయిందని నువ్వే చెప్తివి. అప్పుడు అబద్ధం చెప్పినావా, ఇప్పుడు చెప్తాండావా?"

రెండూ నిజమేనని చెప్పాలి. అది చెప్పడానికి కనీసం లోకం ఒక చోట నిలబడాలి. నేను కళ్ళు మూసుకున్నాను. ఆయన దాన్ని ఒప్పుకోవడమే అనుకున్నాడు.

కానిస్టేబులును బతిమాలింది ఆయనే. "దొరా, ఆడపిల్ల తండ్రి, ఇడిసిపెట్టు." జట్కాలో ఇంటికి తెచ్చి దించిందీ ఆయనే. అరుగు మీద పడుకోబెట్టి, లేచి దుమ్ము దులుపుకొని, అటు తిరిగే అన్నాడు. "రేపట్నుంచి మట్టి తొక్కొద్దు." తాగినవాడు తాలీం మట్టి తొక్కకూడదు. నేను నా పన్నెండో ఏట చెయ్యెత్తి చెప్పిన మొదటి మాట అదే.

ఇన్నేళ్ళు తిరిగినందుకు నాకు తిరుగుబోతనే పేరు రావాల్సింది. తాగుబోతని వచ్చింది.

ఆ తర్వాత పద్నాలుగు నెలలు. వాటి గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు, అదే వాటి కష్టం. వారానికి రెండుసార్లు, ఒక్కోసారి రోజూ. వచ్చినప్పుడు పొద్దున్నించి సాయంత్రం దాకా కూడా ఉండేది. రానప్పుడు ఎప్పుడొస్తుందోనని ఉండేది. మిషను చక్రం చూడలేను కాబట్టి చేతికుట్టు పనులే మిగిలాయి, గుండీలు, అంచులు. తాగుబోతు చేతికి కొత్త గుడ్డ ఎవరిస్తారు? కత్తెర తప్పుతుందని భయం. అరుగు మీద కూర్చుంటే వీధిలో పోయేవాళ్ళు నా కళ్ళ ఎరుపు కోసం చూసేవాళ్ళు. అందుకని లోపలే పడుకునేవాణ్ణి. మా ఇంటి దూలానికి పదకొండు పగుళ్ళున్నాయి. తిరగడం మొదలైతే వాటిని లెక్కపెట్టడం కుదరదు, లెక్కపెట్టగలిగిన రోజు మంచిరోజు.

అప్పటికే ఎడమ చెవి మందగించింది, కుడిచెవి దిండుకు ఆనించి పడుకుంటే ఊరు వినపడేది కాదు. మొదట్లో అది హాయిగా ఉండేది. తర్వాత భయమేసింది. పక్క గదిలో నా కూతురు పిలిచినా తెలిసేది కాదు. నా నిద్రలో ఊరు మొత్తం లేచి ఎక్కడికో పోయినట్టుండేది.

తిమ్మక్క వేరుశెనక్కాయలు ఒలిచే కూలికి పోయేది. వచ్చి పొయ్యి ముందు కూర్చుని సంగటి కెలికేది. ఒకరోజు తెడ్డు పక్కన పెట్టి, "నువ్వు తాగినా బాగుండు," అంది.

"ఏమే అట్లంటావ్?"

"తాగుడైతే మానిపిస్తా. కొడతా, తిడతా, మా నాయనింటికి పోతా. దీన్నేం చేసేది? ఎవురిని తిట్టేది?"

"నన్నే తిట్టు," అన్నాను.

"నిన్ను తిట్టీ తిట్టీ విసుగొచ్చింది," అంది. చాలా రోజుల తర్వాత ఇద్దరం నవ్వాం. తర్వాత ఆమె చాలాసేపు ఏడ్చింది. నేను గోడ పట్టుకుని నిలబడి చూశాను. దగ్గరికి పోవాలంటే మధ్యలో పట్టుకోవడానికి ఏమీ లేదు.

మరుసటి ఏడు పీర్ల పండగ ఊరేగింపు మా వీధినే వచ్చింది. నేను లోపల పడుకుని కుడిచెవి పైకి పెట్టుకున్నాను. డప్పులు మా ఇంటి ముందు ఆగాయి. తన్ను పడేముందు డప్పులు ఒక దెబ్బ వదిలేస్తాయి, ఎగిరేవాడికి ఆ జాగా. ఆ వదిలిన దెబ్బ విన్నాను. చాప మీద నా కుడికాలి వేళ్ళు ముడుచుకున్నాయి. తల తిప్పలేదు, తిప్పితే ఏమవుతుందో తెలుసు. తర్వాత హోయ్ మన్నారు జనం. నంజుండ కొట్టాడని తెలిసింది.

వాకిట్లో నిలబడి చూసిన తిమ్మక్క లోపలికి వచ్చింది. "వాడేం కొట్లేదు. కాయ దానంతట అదే పడింది," అంది.

పెళ్ళయిన పదేళ్ళలో ఆమె నాకు చెప్పిన అబద్ధం అదొక్కటే అనుకుంటాను. ఎంత బాగా చెప్పిందంటే ఒక్క క్షణం నమ్మాను.

అరవయ్యో సంవత్సరం మొదట్లో, గుండీలు కుట్టించుకోవడానికి వచ్చిన ఒక బడిపంతులు నేను తల ఒక పక్కకు వాల్చి వినడం చూసి, "ఎన్నాళ్ళనుంచి చెవి?" అని అడిగాడు. పద్నాలుగు నెలల్లో నన్ను చెవి గురించి అడిగిన మొదటి మనిషి. బెంగుళూరు పెద్దాసుపత్రికి పొమ్మని ఆయనే చెప్పాడు. ఇంట్లో ఇద్దరూ పోతే పిల్లను చూసేదెవరు? ఒక్కణ్ణే బయల్దేరాను.

హిందూపురంలో రైలెక్కాను. రైల్లో ఒక వింత జరిగింది. అక్కడ అందరూ ఊగుతున్నారు. లేచినవాడల్లా తూలుతున్నాడు, పక్కవాడి భుజం పట్టుకుంటున్నాడు, ఎవరూ ఎవరినీ ఏమీ అనడం లేదు. ఆ నాలుగైదు గంటలు నేను మామూలు మనిషిని. బెంగుళూరు రాకుండా ఉంటే బాగుండుననిపించింది.

ఆసుపత్రిలో చీటీ ఇచ్చి పొడుగాటి వసారాలో బల్ల చూపించారు. మూడురోజులు ఆ బల్లే నా ఊరు. చెవికి దూది పెట్టుకున్నవాళ్ళు, చెయ్యి అడ్డం పెట్టుకున్నవాళ్ళు, గట్టిగా అరుచుకుని మాట్లాడుకునేవాళ్ళు. అన్ని భాషలూ ఉన్నాయి, నాతో మాట్లాడేవాళ్ళు లేరు. రెండో రోజు మధ్యాహ్నం అక్కడే మొదలైంది. బల్ల అంచు పట్టుకుని ముందుకు వంగాను. ఇక్కడ కూడా అదే మాట అంటారని, గెంటేస్తారని ఎదురుచూస్తున్నాను.

పక్కన కూర్చున్న ముసలామె, తుమకూరు వైపు మనిషి, నా వీపు మీద చెయ్యి వేసింది.

"ఏనప్పా, తలె సుత్తుత్తా?"

తల తిరుగుతోందా అని. మా వైపు కన్నడం వినని రోజు ఉండదు కాబట్టి అర్థమైంది. తలాడించడం కుదరక "ఊఁ" అన్నాను.

"బీళల్ల బిడు," అంది. పడవులే అని. అంతే. ఇంకేమీ అడగలేదు. నా మెడ వెనక చొక్కా గుప్పిట్లో పట్టుకుని, తన పేరు పిలిచేదాకా గంటకు పైగా అలాగే కూర్చుంది. పిలిచాక పక్కనున్న మనిషి చేతికి నా చొక్కా అందించి మరీ లేచింది. ఆమె పేరు నాకు తెలియదు. ఆమె జబ్బేమిటో అడగనే లేదు.

మూడో రోజు డాక్టరు చూశాడు. కళ్ళద్దాల కుర్రాయన, తెలుగు రాదు. మన తెలుగు కంపౌండరు ఒకడు, కల్యాణదుర్గం వైపు వాడట, మధ్యలో నిలబడి చెప్పాడు. చెవిపొర బాగుందో లేదో చూశాక నన్ను వెల్లకిలా పడుకోబెట్టి కుడిచెవిలో చల్లటి నీళ్ళు పోశారు. అర నిమిషం ఏమీ లేదు. తర్వాత గది గిర్రున లేచింది. అచ్చం అదే. డాక్టరు నా కనుగుడ్లను చూస్తూ గడియారం చూసుకున్నాడు. అది తగ్గాక ఎడమ చెవిలో పోశారు. అక్కడ పెద్దగా ఏమీ కాలేదు.

"ఎడమ చెవి సగం చచ్చిందంట," అన్నాడు కంపౌండరు. "మనిషికి నిలకడ చెప్పేది చెవేనన్నా. నీ ఎడమ చెవి లోపల నీళ్ళు ఉబ్బి అబద్ధాలు చెప్తాంది."

"ఇట్ల నీళ్ళు పోస్తే నాకేనా తిరిగేది?"

"ఎవురికైనా తిరుగుతాది. నేను పనిలో చేరినప్పుడు నాకు పోసినారు. ఆపొద్దు అన్నం తిన్లేదు."

నేను అసలు అడగాల్సింది అప్పుడు అడిగాను. పద్దెనిమిదేళ్ళు ఎడమకే తిరిగానని, గిరికీ తన్ను ఇలా ఉంటుందని, పడుకుని ఉండే చేతులతో చూపించి చెప్పాను. కంపౌండరు దాన్ని కన్నడంలోకి, సగం ఇంగ్లీషులోకి మార్చడానికి చాలా అవస్థపడ్డాడు. డాక్టరు శ్రద్ధగా విని తల అడ్డంగా ఊపాడు.

"తిరిగినందుకు వచ్చింది గాదంట. జన్మలో ఒక్కసారి తిరగనోళ్ళకు గూడా వస్తాదంట."

"మరి కుడికి తిప్పితే పోయిందే?"

"అది అప్పుడప్పుడు దానంతట అదే పోతాది, దానంతట అదే వస్తాది. ఆపొద్దు నువ్వు కుడికి తిరిగినా, కూచోని శెనక్కాయలు తిన్నా పోయిండేది."

అందరూ అనుకుంటారు, జబ్బు పేరు చెప్పినప్పుడు ఏడుపొస్తుందని. నాకు ఆ మాట విన్నప్పుడు వచ్చింది. నా తన్ను నన్నేమీ చెయ్యలేదు.

ఉప్పు మానెయ్యమన్నారు. మాత్రలిచ్చారు. వచ్చినప్పుడు కదలకుండా పడుకోమన్నారు. ఆ చెవి మెల్లగా పూర్తిగా పోతుందని, పోయాక అబద్ధాలు చెప్పడానికి అక్కడ ఎవరూ ఉండరు కాబట్టి తిరగడం ఆగవచ్చని చెప్పారు. ఎగరడం మాత్రం ఇక వద్దన్నారు. జబ్బు పేరు ఇంగ్లీషులో రాసిన కాగితం ఇచ్చారు.

ఉప్పులేని సంగటి, ఉప్పులేని ఊరిబిండి పచ్చడి. రాయలసీమలో పుట్టినవాడికి ఇది రోగం కంటే పెద్ద శిక్ష. తిమ్మక్క తనూ ఉప్పు మానేసింది, అడిగితే మరిచిపోయానంది. వారం వారం మిల్లు మోత తగ్గింది, దాంతో పాటు చెవీ తగ్గింది. సొంత చెవి చావుకోసం ఎదురుచూసిన మనిషిని నేను. శ్రావణం నాటికి మా ఆవిడ ఎడమవైపు నిలబడి ఏం తిట్టినా వినపడలేదు. తలా తిరగలేదు. అప్పుడే ఆ పాయసం.

కానీ అరుగు మీద కూర్చుంటే వీధి ఇంకా నా కళ్ళలోకే చూసేది. ఊరి సంగతి సరే. ఉస్తాద్ జట్కా రోజూ మా ఇంటి ముందు నుంచే పోయేది. ఆయన గుర్రం చెవుల మధ్యనుంచి ముందుకు చూస్తూ పోయేవాడు. ఏడాదిన్నర దాటింది. ఆయనకు డెబ్భై దగ్గరపడ్డాయి. నన్ను తాగుబోతనుకుంటూనే ఆయన పోతే, తర్వాత ఏ కాగితం తెచ్చి ఎవరికి చూపించాలి?

ఒక సాయంత్రం తాలీం గుమ్మం దాకా పోయాను. లోపల ఏడెనిమిది మంది ఉన్నారు. మట్టి తొక్కకుండా గడప బయటే నిలబడి కాగితం చాపాను.

"నాకు చదువొస్తాదా?" అన్నాడు ఉస్తాద్, తీసుకోకుండా.

"ఇంగిలీషులో తాగినా తాగుడేలే రంగన్నా," అన్నాడు నంజుండ.

"కాయితం ఇడ్సండి. ఉస్తాద్, నాకు ఏమైందో మాటల్లో చెప్తే నువ్వు నమ్మవు. ఒక చెంబు సల్లనీళ్ళు తెప్పించు. బెంగుళూర్లో నా చెవులో పోసినారు. ఎవురి చెవులో పోసినా నాకైనట్టే అయితాదంట. నంజుండ చెవులో పోస్తా, చూడు."

నంజుండ వెనక్కి జరిగాడు. ఉస్తాద్ నవ్వాడు. "వానికెందుకు? అరవై ఏండ్లాయ నేను ఈ మట్టిలో నిలబడి. ఎవుడన్నా నన్ను తూలించినాడా? పొయ్ నా చెవులో. తిరగలేదంటే మాత్రం మళ్ళీ ఈ గడప కాడికి రావద్దు."

నాకు భయమేసింది. ఇప్పుడు తలుచుకున్నా వేస్తుంది. చెవిపొర చూడకుండా అలా పొయ్యడం ప్రమాదమని తర్వాత తెలిసింది. ఇది చదివినవాళ్ళు ఎవరూ ఇంట్లో ఆ పని చెయ్యకండి. కానీ ఆయన అప్పటికే గడప పక్కనే మట్టిలో వెల్లకిలా పడుకుని, తలకింద తువ్వాలు పెట్టుకున్నాడు. నేను ఇంటినుంచి తెచ్చిన మా పిల్ల ఉగ్గుగిన్నెతో, గడప బయట నుంచే వంగి, కుండలోని నీళ్ళు కొంచెం కొంచెంగా పోశాను.

"సల్లగా బాగుండాది," అన్నాడు ఉస్తాద్. ఒకడు కిసుక్కుమన్నాడు.

తర్వాత ఆయన కనుగుడ్లు ఒక పక్కకు జారడం, ఉలిక్కిపడి వెనక్కి రావడం, మళ్ళీ జారడం చూశాను. నా కళ్ళు అలా ఆడతాయని నాకు ఎవరూ చెప్పలేదు. ఆయన రెండు చేతులూ మట్టిలోకి దిగాయి.

"అరే... అరే, పట్టుకోండ్రా! మట్టి పోతాంది రా కింద నుంచి! యా అల్లా, పడిపోతాండా!"

"పడుకోనే ఉండావ్ ఉస్తాద్," అన్నాడు నంజుండ. వాడి గొంతులో నవ్వు లేదు.

ఆయన పక్కకు తిరిగి కక్కుకున్నాడు. అరవై ఏళ్ళు ఎవరూ తూలించని మనిషి లేవబోయి, మోకాళ్ళ మీదే పక్కకు ఒరిగి మళ్ళీ పడ్డాడు. ఎవరికీ దగ్గరికి పోవడానికి ధైర్యం చాలలేదు. నేనే గడప దాటాను. దాటానని తర్వాత తెలిసింది.

మెల్లగా తగ్గింది. గోడకు ఆనుకుని కూర్చుని, గడ్డం మీది మట్టి తుడుచుకున్నాడు.

"ఎంతసేపైంది రా?"

"రెండు నిమిషాలు, ఉస్తాద్."

"రెండేనా?"

"నీకు రెండు."

ఆయన అడగలేదు. నేనే చెప్పాను, "నాకు పొద్దున్నించి పొద్దుమూకేదంక. ఏడాదిన్నర."

బయట జట్కా గుర్రం గిట్టలు మార్చుకుంటున్న చప్పుడు నా కుడివైపు నుంచి వినపడింది. తర్వాత ఆయన నంజుండ వైపు చెయ్యి చాపి, "పార ఇట్ల ఇయ్యి," అన్నాడు.

తాలీంలో తప్పు చేసినవాడు ఆ పూట మట్టంతా ఒక్కడే తవ్వి మెత్తజెయ్యాలి. అది ఉస్తాద్ పెట్టిన నియమమే. మాలో ప్రతివాడూ ఎన్నోసార్లు తవ్వాం. ఆయన తవ్వగా ఎవరూ చూడలేదు.

"నీకు ఇంగా కాళ్ళు నిలవవు ఉస్తాద్, నేను తవ్వుతా," అని నంజుండ పార వెనక్కి దాచాడు.

"తప్పు నీదా నాదా?" అన్నాడు ఆయన. వాడు పార ఇచ్చాడు.

మొదటి దెబ్బకే ఆయన ఒక పక్కకు తూలాడు. పారను కర్రలా నేలకు ఆన్చి నిలదొక్కుకుని మళ్ళీ ఎత్తాడు. నేను గోడకు ఆనించి ఉన్న రెండో పార తీసుకుని ఆయన పక్కకు పోయాను. చెప్పాల్సినప్పుడు చెప్పనివాణ్ణి, నా వంతూ అందులో ఉంది. ఆయన నా వైపు చూశాడు, వద్దనలేదు. ఆ చివరనుంచి ఈ చివరదాకా ఇద్దరం తవ్వుకుంటూ పోయాం. ఇద్దరికీ కాళ్ళు సరిగ్గా నిలవడం లేదు. చాళ్ళు వంకరగా వచ్చాయి. ఎవరూ సరిచెయ్యలేదు.